పాతయిల్లు - క్రొత్త అద్దె



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడెము ప్రాంతములనుండి చదువునకో కొలువునకో హైదరాబాదు చేరు మన పిల్లలకు మొదటి చిక్కు అద్దెయిల్లు. నగరపు పాతపేటలలో తాతలనాటి యిండ్లను బాగుచేయించి అద్దెకిచ్చువారు గలరు. అట్టి యిండ్లు ఏల పుట్టినవో తెలిసినగాని, అందు ఏమి చూచుకొనవలెనో తెలియదు. కావున ఆ చరిత్ర కొంత మనవి చేయుదును.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచెను. వేలకొలది జనులు మడిసిరి; ఇండ్లు వాడలకు వాడలే కూలినవి. మరుసటి యేట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి, వరద నరికట్టుటకును, మురుగు పోవుటకును ఉపాయములు చెప్పిరి. ఆ ఫలముగా 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును ఏర్పడినవి.

నదికి కట్ట వేసినంతమాత్రమున ఊరు బాగుపడదు. ఇరుకు సందులలో గాలి లేదు, వెలుతురు లేదు, మురుగునకు దారి లేదు. అందుచేత 1912లో నగరాభివృద్ధి సంఘమును స్థాపించిరి. దీనినే ఆరాయిష్‌బల్దా యనెడివారు. ఈ సంఘము ఇరుకు వాడలను తొలగించి, వీథులు వెడల్పుచేసి, సామాన్యులకు ఇండ్లు కట్టించి తక్కువ అద్దెల కిచ్చినది. చార్మినారునకు పోవు త్రోవలో పత్తర్‌గట్టి రాతి కమానులును ఈ సంఘము కట్టించినవే. అనగా ఆనాడు సర్కారే ఇంటి యజమాని. గాలియు, వెలుతురును, మురుగుదారియు అద్దెలో చేరిన హక్కులని తలపోసిరి.

ఆ పాతపేటలతో మన జిల్లాకును సంబంధము గలదు. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ఆరంభమైనది రావిచెట్టు రంగారావుగారి యింటనే. వారు నల్లగొండ సీమవారు. 1918లో రెడ్డి హాస్టలు వెలసి పల్లెపిల్లలకు నీడ నిచ్చినది. అక్కడ చోటు దొరకనివారికి అద్దెగదియే గతి.

తరువాత అద్దెచట్టములు వచ్చినవి. హైదరాబాదు రాష్ట్రములో 1954లోను, ఆంధ్రప్రదేశములో 1960లోను చేసిన శాసనములు కిరాయిదారును ఇష్టము వచ్చినట్లు వెళ్లగొట్టకుండ కాపాడినవి. ఇది న్యాయమే. కాని మితిమీరిన కట్టడి ఇంటికి చేటు. బొంబాయిలో 1947 చట్టము 1940 సెప్టెంబరు 1వ తేదీనాటి అద్దెను కొలతగా పెట్టినది. ధరలు పెరిగినను అద్దె పెరగలేదు. యజమానులు మరమ్మతు మానుకొనిరి; పాతమేడలు శిథిలమైనవి. అద్దె సొమ్ములో కొంత మరల గోడకు చేరినగాని ఇల్లు నిలువదు.

అట్లని అద్దె పెంచిన ప్రతివాడును ఇల్లు బాగుచేసినట్లు కాదు. నేను చూచిన కొన్ని యిండ్లలో నడిమివాకిలిపై కప్పు వేసి, ఒక గదిని రెండు చేసి, కిటికీలు మూసి, పైన రంగు పూసి యున్నారు. ఏ ఇరుకును తీసివేయుటకు మున్ను అంత శ్రమపడిరో, ఆ ఇరుకునే మరల లోపల కట్టుచున్నారు! దానికి క్రొత్త అద్దె యొకటి!

ఇంకొక మాట. ఆనాటి గోడలు గానుగ సున్నముతో కట్టినవి. అట్టి గోడ చెమ్మను పీల్చి మరల గాలికి విడుచును. దానిపై సిమెంటు మెత్తినచో చెమ్మ లోపలనే నిలిచి, గోడ పెచ్చులూడును. సున్నపుగోడకు సున్నమే మందు. ఈ సంగతి పల్లెలో పాతమిద్దె గలవారికి నేను చెప్పనక్కరలేదు.

కావున మీ మనుమడు ఇల్లు చూచితినని జాబు వ్రాసినప్పుడు, అద్దె యెంత యని మాత్రమే అడుగకుడు. వాకిలి తెరచియున్నదా, ఎదురెదురు కిటికీలున్నవా, మురుగు ఎటు పోవుచున్నది, వానకాలమున గోడమొదట చెమ్మ యెక్కుచున్నదా యని అడుగుడు. ఇవి సరిగా నున్నచో నాలుగు రూపాయలు ఎక్కువైనను ఇండుడు. ఆ రూపాయలు మీ పిల్లవానికి ఆరోగ్యమును, నగరమునకు ఒక పాతయింటిని నిలుపును. లేనిచో రంగు చూచి మోసపోవలదు.