తెల్ల కీబోర్డు నల్లగయితే పారీకండి, ఇలగ తుడవండి

నందిగాంలో మా కుర్రాళ్ళు కూర్చునే గదిలో ఒక పాత కంప్యూటరు, దానికో తెల్ల కీబోర్డు ఉన్నాయి. తెల్లది అని నేనంటన్నాను గానీ, అప్పట్లో చూసినోళ్ళెవరూ నమ్మీవోళ్ళు కాదు. మధ్యలో బూడిద రంగు, అంచుల్లో పసుపు, ఎంటర్ బటన్ మీద నల్లటి వేలిగుర్తు. ఊరోళ్ళ అర్జీలు, పిల్లల హాల్‌టికెట్లు, స్కాలర్‌షిప్ ఫారాలు అన్నీ దాని మీదే కొట్టీవోళ్ళం.

ఒకరోజు జీడిపిక్కల పనికి పోయే ఒక మామ్మకి పింఛను అర్జీ నేనే నింపేను. ఫోన్ నంబరు కొడతన్నప్పుడు 3 బటన్ లోపలికి దిగి, ఆలీసంగా పైకి లేచింది. ఒక 3 కొడితే రెండు పడ్డాయి. ఆ గడిలో 10 అంకెలే పడతాయి. అంచేత చివరి అంకె పడనే లేదు, లెక్క మాత్రం 10కి సరిపోయింది. నేను చూసుకోలేదు. ఫలానా కాగితం పట్టుకుని రమ్మని వచ్చిన మెసేజి ఎవరి ఫోన్‌కో ఎల్లిపోయింది. గడువు దాటిపోయింది. "బావూ, నా అర్జీ ఏటయింది?" అని మామ్మ వచ్చి అడిగితే, మళ్ళీ మొదట్నుంచీ పెట్టాలి అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ రెండురోజుల కూలి పోగొట్టుకుని తిరిగింది. తప్పు ఆవిడది కాదు, ఆఫీసుదీ కాదు. నాదీ, నేను తుడవని కీబోర్డుదీ.

అంచేత తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, కీబోర్డు మురికి అంటే చూడ్డానికి బాగోలేదు అన్నంత చిన్న సంగతి కాదు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైన దగ్గిర్నుంచి మన ఊరి పనుల్లో చాలామట్టుకు ఎవరో ఒకరి వేళ్ళ కింద బటన్‌లోంచే నడుస్తన్నాయి. ఆధార్ నంబరుకి ఒక కాపలా ఉంది. 12 అంకెల్లో చివరిది తనిఖీ అంకె, మధ్యలో ఒక అంకె తప్పు పడితే లెక్క కుదరక కంప్యూటరు పట్టీగలదు. ఫోన్ నంబరుకి ఆ కాపలా లేదు. తప్పు నంబరైనా అది ఎవరో ఒకరి నంబరు అయ్యుండొచ్చు.

ఆ మురికి ఎక్కడిది?

మన చేతులదే. చెమట, తలనూనె, ఒంట్లోంచి రాలే పొక్కు, తిన్న మిక్చరు పొడి, రోడ్డు దుమ్ము. చెమట జిడ్డు మీద దుమ్ము పడి గట్టిపడితే నల్లటి పొర కడతాది. తెల్ల బటన్ కాబట్టి మనకి కనపడతాది. నల్ల కీబోర్డు మీదా అంతే ఉంటాది, కనపడదు, అంతే తేడా.

పలాస చుట్టుపక్కల మనకి ఇంకోటి ఉంది. జీడిపిక్క తొక్కలో ఉండే తైలం చర్మాన్ని కాల్చీ రకం. పిక్కలు కొట్టీ ఆడోళ్ళు చేతులకి నూనో బూడిదో రాసుకుని పని చేసినా, వేళ్ళు నల్లబడిపోతాయి. ఆ మరక సబ్బుతో ఒక్కరోజులో పోదు. "ఆ చేతుల్తో ముట్టుకోకు" అని ఒకచోట ఒక అమ్మని కసురుకోవడం నేను కళ్ళారా చూసేను. అది మురికి కాదు, పని గుర్తు. మన ఊళ్ళో నాలుగు రూపాయలు తిరుగుతన్నాయంటే ఆ నల్లటి వేళ్ళ వల్లే. తుడవాల్సింది కీబోర్డుని. మనిషిని దూరం పెట్టడం కాదు.

లోపల ఏటుంటాది?

మన దగ్గిర దొరికే చవక కీబోర్డుల్లో ఎక్కువ ఒకే రకం. పైన ప్లాస్టిక్ బటన్లు. వాటి కింద బొడిపెల్లాంటి రబ్బరు ముక్కలు, బటన్‌ని పైకి లేపీవి అవే. వాటి కింద మూడు పొరల పల్చటి ప్లాస్టిక్ షీటు. పై పొరకీ కింద పొరకీ కరెంటు తీగలు అచ్చువేసి ఉంటాయి, మధ్య పొర రెంటినీ విడదీస్తాది. బటన్ నొక్కితే మధ్య పొరలో ఉన్న కన్నంలోంచి పైదీ కిందదీ తగులుకుంటాయి, అక్షరం పడతాది. బటన్ చుట్టూ జిడ్డు పేరుకుంటే అది బేగి లేవదు. లేవకపోతే ఇంకా నొక్కే ఉన్నారనుకుని కంప్యూటరు అదే అక్షరం మళ్ళీ మళ్ళీ కొడతాది. మా 3 బటన్‌కి జరిగింది ఇదే. అదే నీళ్ళు షీటు పొరల మధ్యకి దూరితే ఆ తీగలు తుప్పు పట్టినట్టయి తెగిపోతాయి. సముద్రం గాలికి ఉప్పు ఉండే ఊళ్ళలో ఇది ఇంకా తొందరగా అవుతాది. అందుకే బటన్లు కడగొచ్చు గానీ, కీబోర్డు మొత్తాన్ని బకెట్లో ముంచకండి.

ఏటేటి కావాలి?

మెత్తటి పాత పళ్ళబ్రష్షు ఒకటి. దూది చుట్టిన పుల్లలు. పాత నూలు గుడ్డ, పీచు రాలనిది. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు. ఇంకోటి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూటికి 70 పాళ్ళది. మందుల షాపులో అడిగితే దొరుకుతాది. చేతికి రాసుకునే జెల్ శానిటైజర్ వాడకండి, దాంట్లో ఉండే చిక్కటి పదార్థం ఎండాక జిగురులాగ మిగిలిపోతాది, ఇంకా దుమ్ము పట్టుకుంటాది.

ఈ ఆల్కహాల్‌కి నిప్పు అంటుకుంటాది. కిటికీ తీసి ఉంచండి. బీడీ, అగరొత్తి, పొయ్యి దగ్గిర లేకుండా చూసుకోండి. చిన్నపిల్లలకి అందనీకండి.

వరసగా చెయ్యాల్సింది

1. ముందు కంప్యూటరు ఆపి, కీబోర్డు తీగ పీకీయండి. యూఎస్‌బీ తీగలో ఉండేది 5 వోల్టులే, మనకి షాకు కొట్టదు. కానీ తడి మీద కరెంటు ఉంటే లోపలి బోర్డు పోతాది. తీగ లేని రకమైతే బ్యాటరీలు తీసీయండి. గుండ్రటి పిన్నుల పాత రకమైతే కంప్యూటరు పూర్తిగా ఆగిన తరవాతే తీయాలి.

2. ఫోన్‌తో కీబోర్డు ఫొటో తీయండి. బటన్లు తిరిగి పెట్టినప్పుడు ఏది ఎక్కడ అని తడుముకోకుండా.

3. తిరగేసి, అరచేత్తో వీపు మీద తట్టినట్టు నెమ్మదిగా తట్టండి. కింద పాత పేపరు పరవండి. ఏటేటి రాలతాయో చూస్తే మీకే సిగ్గేస్తాది. తరవాత బ్రష్షుతో సందుల్లో దుమ్ము బయటికి తుడవండి.

4. గుడ్డ మీద ఆల్కహాల్ వేసి, బాగా పిండి, బటన్ల పైనా పక్కలా తుడవండి. కీబోర్డు మీద నేరుగా పొయ్యకండి, స్ప్రే కొట్టకండి. ముందు ఎవరూ వాడని ఏదో ఒక మూల బటన్ మీద తుడిచి చూడండి. చవక రకాల్లో అక్షరాలు పైపైన అచ్చువేసి ఉంటాయి, గట్టిగా రుద్దితే గుడ్డకి వచ్చీస్తాయి. తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించి ఉంటే వాటి అంచులకి ఆల్కహాల్ తగలనీకండి, జిగురు ఊడిపోతాది.

5. బటన్ల మధ్య సందులకి దూది పుల్లని ఆల్కహాల్లో ముంచి, ఒత్తీసి తిప్పండి. పుల్ల నల్లబడితే మార్చండి. ఒకే పుల్లతో అంతా తుడిస్తే మురికి ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎల్తాది, అంతే.

6. అప్పటికీ బటన్ అతుక్కుంటన్నాది అంటే అది ఊడదీయాలి. చదును కొస ఉన్న ప్లాస్టిక్ ముక్కతో ఒక మూల నుంచి నెమ్మదిగా పైకి ఎత్తండి, టక్కుమని వస్తాది. స్పేస్, ఎంటర్, షిఫ్ట్ లాంటి పొడుగు బటన్ల కింద సన్నటి ఇనప తీగ ఉంటాది. దాని కొసలు తగిలించడం తెలియకపోతే ఆ బటన్లు పీకకండి, ఉన్నచోటే తుడవండి.

7. ఊడదీసిన బటన్లు గోరువెచ్చని నీళ్ళలో, సబ్బు చుక్క వేసి, ఓ అరగంట నానబెట్టి బ్రష్షుతో తోమండి. మరిగే నీళ్ళు వద్దు, ప్లాస్టిక్ వంకరపోతాది. మంచినీళ్ళతో కడిగి, గుడ్డ మీద బోర్లా కాకుండా కన్నం పైకి పెట్టి, నీడలో రాత్రంతా ఆరనీయండి.

8. అన్నీ ఆరేక బటన్లు పెట్టి, తీగ తగిలించి, ఒక ఖాళీ పేజీలో ప్రతి అక్షరం, ప్రతి అంకె ఒక్కొక్కసారి కొట్టి చూడండి. ఒక నొక్కుకి ఒకటే పడాలి. అంకెలు రెండుసార్లు చూడండి.

ల్యాప్‌టాప్ బటన్లు మాత్రం ఊడదీయకండి. వాటి కింద కత్తెరలాగ మడిచే పల్చటి ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి, విరిగితే అతకవు. అక్కడ పిండిన గుడ్డా, దూది పుల్లా చాలు.

ఇవి చెయ్యకండి

ఇది నా సొంత బుద్ధితక్కువ నుంచి చెప్తన్నాను. జీడి మరక పోలేదని మొదట్లో నేను పెయింట్ థిన్నర్ వేసి రుద్దేను. మరక పోలేదు గానీ, అక్షరం పోయింది, ప్లాస్టిక్ మెత్తబడి నా వేలిముద్ర దాని మీద పడిపోయింది. థిన్నర్, పెట్రోలు, గోళ్ళరంగు తీసే నీళ్ళు ముట్టుకోకండి. గోళ్ళరంగు నీళ్ళలో ఉండే అసిటోన్ చాలా బటన్లు తయారయ్యే ఏబీఎస్ ప్లాస్టిక్‌ని కరిగించీస్తాది.

వీడియోల్లో చూపించీ పళ్ళపేస్టు, వంటసోడా కూడా వద్దు. అవి గరుకు పొడులు. మురికితో పాటు అక్షరాన్నీ పైపొరనీ గీకీస్తాయి, గీతల్లో మళ్ళీ మురికి కూర్చుంటాది.

బ్లీచింగ్ అస్సలు వద్దు. అది కీబోర్డుకే కాదు, మనకీ ప్రమాదం. బ్లీచింగ్‌ని బాత్రూము కడిగే యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ అనే విషగాలి వస్తాది. ఆల్కహాల్‌తో కలిపినా విషపదార్థాలు పుడతాయి. శుభ్రం చేసీ సామాన్లు ఒకదాంట్లో ఒకటి కలపకూడదు. ఇది కీబోర్డుకే కాదు, ఇంట్లో అన్నిటికీ గుర్తు పెట్టుకోండి.

పసుపు మురికి కాదు

ఎంత తుడిచినా పసుపు పోలేదని కొందరు ఆలాగే రుద్దుతుంటారు. అది పైన పట్టింది కాదు. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలకీ గాలికీ ప్లాస్టిక్కే లోపల మారిపోయి పసుపెక్కుతాది. 2008 ప్రాంతం నుంచి పాత కంప్యూటర్ల ఇష్టులు కొందరు హైడ్రోజన్ పెరాక్సైడ్ రాసి వెలుతుర్లో పెట్టి తెల్లగా చేస్తన్నారు. గాఢమైన పెరాక్సైడ్ చర్మాన్నీ కళ్ళనీ కాలుస్తాది, పైగా ఆ పసుపు మళ్ళీ రావచ్చు. మనకెందుకు? పసుపుగా ఉన్నా అంకె సరిగ్గా పడితే చాలు. అలాగే లోపలికి ఇంకిపోయిన జీడి మరకనీ ఒగ్గీయండి.

అందుకే ఎండబెట్టకండి అంటన్నాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గిర తీరం దాటినప్పుడు తడిసినవన్నీ ఎండలో పరిచేం. అప్పట్నుంచి తడిసింది ఏదైనా ఎండలో పెట్టడం మనకి అలవాటు. బట్టకి మంచిదే, తెల్ల ప్లాస్టిక్‌కి కాదు.

టీ ఒలికిపోతే

ముందు తీగ పీకండి, తుడవడం తరవాత. వెంటనే బోర్లా తిప్పండి, ఉన్నది కారిపోనీయండి. టీలో పంచదార ఉంటాది కాబట్టి ఎండిపోయేక జిగురవుతాది. తడి గుడ్డతో ఒకసారి, ఆల్కహాల్ గుడ్డతో ఒకసారి తుడిచి, గాలి ఆడేచోట రెండురోజులు బోర్లా ఉంచండి. పని ఉందని ఆత్రపడి మధ్యలో తగిలించకండి. చాలా కీబోర్డులు పోయేది టీ వల్ల కాదు, ఆ ఆత్రం వల్ల.

పోతే ఏం చెయ్యాలి?

ఇవన్నీ చేసినా పనిచెయ్యలేదంటే పెంట మీద పారీకండి, తగలబెట్టకండి. ఆ ప్లాస్టిక్ పొగ విషం. 2022 ఈ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం తయారుచేసిన కంపెనీలకి పాత సామాను తిరిగి రీసైకిల్ చేయించే బాధ్యత ఉంది. మన మండలాల్లో వాటిని సేకరించే చోటు పెట్టండని పంచాయతీని అడగడం మన హక్కు. అడగండి.

మా కీబోర్డు ఇప్పుడు నెలకోసారి, ఆదివారం పూట, వంతులేసుకుని తుడుస్తన్నాం. గంట పని. మామ్మ అర్జీ మళ్ళీ పెట్టేం. ఈసారి నంబరు కొట్టీసేక ఒక్కొక్క అంకే పైకి చదివి ఆవిడకి వినిపించేను, ఆవిడ ఫోన్ పట్టుకుని ఒక్కొక్కటే తలూపింది. మీరూ అదే చెయ్యండి. కీబోర్డు ఎంత శుభ్రంగా ఉన్నా, కొట్టిన నంబరు ఎవరిదో వాళ్ళకి చదివి వినిపించకుండా సబ్మిట్ నొక్కకండి.