రాయి వెనక పేర్లు

మా అమ్మాయికి ఒసాకాలో ఉద్యోగం. కిందటేడు వెళ్ళినప్పుడు నన్ను క్యోటోలోని ర్యోఆన్‌జి గుడికి తీసుకెళ్ళింది. జపాన్ తోట అనగానే చెరువు, చిన్న వంతెన, ఎర్రటి ఆకులు ఊహించుకున్నాను. చెప్పులు విప్పి వరండాలోకి వెళితే ఎదురుగా తెల్లటి గులకరాళ్ళ నేల, అందులో కొన్ని బండలు, వాటి కింద కాస్త నాచు. అంతే! పొడవు 25 మీటర్లు, వెడల్పు 10. దీనికా ఇంత దూరం వచ్చాం అనిపించింది, అబద్ధమెందుకు.

"బండలు లెక్కపెట్టమ్మా" అంది అమ్మాయి. పద్నాలుగు. రెండడుగులు జరిగి కూర్చున్నా పద్నాలుగే, కానీ ఇందాక కనబడింది ఒకటి దాక్కుంది, దాక్కున్నది బయటికొచ్చింది. నిజానికి అవి 15. వరండాలో ఎక్కడ కూర్చున్నా ఒకటి తప్పిపోయేలా ఐదు గుంపులుగా పేర్చారు. నడిచే తోట కాదిది, కూర్చుని చూసేది. అన్నీ ఒకేసారి చూపించకపోవడమే ఇందులో పద్ధతి. మధ్యలో వదిలిన ఖాళీకి కూడా బండలకున్నంత విలువ.

గుడిని 1450లో హొసోకవ కట్సుమోటో అనే ప్రభువు కట్టించాడు. ఓనిన్ యుద్ధంలో తగలబడితే మళ్ళీ కట్టారు. తోట ఎవరు చేశారన్నది చరిత్రకారులు ఇప్పటికీ తేల్చలేదు. కానీ ఒక బండ వెనకవైపు రెండు పేర్లు చెక్కి ఉన్నాయట. ఒకటి కొతారో. రెండోది అరిగిపోయింది, సెయిజిరో అని కొందరు, హికోజిరో అని కొందరు చదువుతారు. వాళ్ళు కవరమోనో కులంవాళ్ళని అంటారు. అంటే ఏటి ఒడ్డు మనుషులు. పశువుల్ని కోయడం, తోళ్ళ పని వాళ్ళవే కాబట్టి ఊరు వాళ్ళని అంటరానివాళ్ళుగా చూసేది. మట్టి మోసి, రాళ్ళు ఎత్తి ఎత్తి వాళ్ళే ఆ కాలపు గొప్ప తోటమాలులయ్యారు. వాళ్ళలో జెన్అమి అనే ఆయనకి జబ్బు చేస్తే షోగన్ యొషిమసా స్వయంగా మందు పంపించాడు. అయినా ఆయన మనవడు మతషిరో, ఈ కులంలో పుట్టినందుకు ఎంతో బాధగా ఉందని ఒక బౌద్ధ సన్యాసితో చెప్పుకున్నాడు. ఆయన దాన్ని రాసి పెట్టాడు కాబట్టి మనకి తెలిసింది.

మా తాతయ్యదీ రాళ్ళ పనే. మా ఊరి చెరువు మెట్లు ఆయన వేసినవే. గట్టు మీద పలకలో చందాలిచ్చినవాళ్ళ పేర్లున్నాయి, ఆయనది లేదు. చిన్నప్పుడు అడిగితే నవ్వి ఊరుకున్నారు.

పేర్లున్న ఆ బండని ఫోటో తీయమన్నాను. "అవి గోడవైపు ఉంటాయమ్మా, ఇక్కడినుంచి కనబడవు" అంది అమ్మాయి. అయినా తీసింది.