మా అమ్మ పేరేదిరా?

సంక్రాంతి వెళ్ళిన వారం మా ఇంటిపేరు వాళ్ళమంతా గోదావరి ఒడ్డున ఒక కల్యాణమండపంలో కలిశాం. రెండు వందల మంది దాకా వచ్చారు. టిఫిన్లయ్యాక అందరూ చేరింది వేదిక పక్కన కట్టిన ఫ్లెక్సీ దగ్గర. ఏడు తరాల వంశవృక్షం అది. మా పెదనాన్నగారి అబ్బాయి మూడేళ్ళు ఊళ్ళు తిరిగి, ట్రంకుపెట్టెల్లోని దస్తావేజులు తిరగేసి తయారుచేశాడు. ఎవరి పేరు వాళ్ళు వెతుక్కుని, వేలు పెట్టి ఫొటోలు దిగుతున్నారు. ఎనభై నాలుగేళ్ళ మా మేనత్త కళ్ళజోడు సర్దుకుని పైనుంచి కింది దాకా చూసింది. "మా అమ్మ పేరేదిరా?" అంది.

లేదు. పై అయిదు తరాల్లో ఒక్క ఆడపేరూ లేదు.

తరాలు చెప్పుకోవడం మనకు కొత్త కాదు. ఆ చెప్పుకోవడంలోంచి అమ్మలు ఎప్పుడు, ఎలా జారిపోయారన్నదే ఆ రోజు నుంచి నన్ను పట్టుకున్న ప్రశ్న. మొదటినుంచీ లేరనుకుంటే పొరపాటు. శాతవాహన రాజులు గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అని తల్లి గోత్రం మీదుగానే తమ పేరు చెప్పుకున్నారు. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో నాగార్జునకొండ మహాచైత్యానికి ఆయక స్తంభాలు నిలబెట్టించినది చాంతిసిరి అనే స్త్రీ. ఆ రాతిమీద తానెవరో చుట్టరికాలతో చెప్పుకుంది. ఫలానా చాంతమూల మహారాజు తోబుట్టువును, పూకీయ వంశపు మహాతలవరుడి భార్యను, ఫలానా కొడుకు తల్లిని అని. వీరపురుషదత్తుడు ఆమెకు మేనల్లుడు, అల్లుడు కూడా. మేనరికం! పెళ్ళిపందిట్లో ఇవాళ మా మేనత్త తనను పరిచయం చేసుకునే తీరు అచ్చం ఇదే. తెలుగు నేల మీద నాకు తెలిసిన నిండైన కుటుంబ చరిత్రల్లో చాంతిసిరి చెప్పుకున్నది ముందు వరసలో ఉంటుంది.

ఆ తర్వాత వంశం రాగిరేకులెక్కింది. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలు చదువుతుంటే ఆశ్చర్యమేస్తుంది. 624 ప్రాంతంలో వేంగిలో వంశం నిలిపిన కుబ్జవిష్ణువర్ధనుడు 18 ఏళ్ళు ఏలాడని మొదలుపెట్టి, వరసగా ప్రతి రాజూ ఎన్నేళ్ళు ఏలాడో చెప్పుకుంటూ వస్తాయి. ఆరు నెలలే ఏలిన కొల్లభిగండ విజయాదిత్యుణ్ణి, నెల రోజులు ఏలిన తాళరాజును కూడా వదల్లేదు. చరిత్రకారులు ఆ వంశపు కాలక్రమాన్ని కట్టింది ఈ లెక్కల మీదే. అంత జాగ్రత్త ఎందుకంటే, రాగిరేకు భూమి కాగితం. ఇచ్చినవాడి వంశంతో పాటు పుచ్చుకున్నవాడి గోత్రం, తాత పేరు, తండ్రి పేరు అందులో ఉండాలి. రేపు తగాదా వస్తే అదే సాక్ష్యం. వంశావళి భూమి వెంట నడిచిందని ఒప్పుకుంటే, భూమి లేనివాళ్ళ పేర్లు ఎందుకు రాలిపోయాయో తెలుస్తుంది. ఆడవాళ్ళు రాలిపోయింది ఇక్కడే.

రాజులకు రాగిరేకులు సరే, సేద్యగాడి తాతముత్తాతల్ని గుర్తుపెట్టుకున్నదెవరు? పిచ్చికుంట్లవాళ్ళు. ఇప్పుడు వంశరాజులంటున్నారు, వాళ్ళ పనికి తగిన పేరది. కాపు కులాల ఇంటిపేర్లు, గోత్రాలు, తరాలు వాళ్ళ నోట ఉండేవి. పంట కళ్ళంలో ఉండగా వచ్చేవారని మా తాతయ్య చెప్పేవాడు. ధాన్యపు రాశి ముందు నిలబడి మా ముత్తాత తండ్రి, ఆయన తండ్రి, ఏ ఊరినుంచి ఏ కరువులో వలస వచ్చారో పాడి వినిపిస్తుంటే మా వాళ్ళు చేటలు కింద పెట్టి వినేవారట. అయ్యాక కుంచాలతో కొలిచి పోసేవారు. అది వాళ్ళ హక్కు, భిక్ష కాదు. ఇలా అడిగే హక్కున్న ఆశ్రిత కులాలు చాలా కులాలకున్నాయి. పద్మశాలీలకు కూనపులివాళ్ళు పటం విప్పి భావనారుషి కథ చెబుతారు. మాదిగలకు డక్కలివాళ్ళు జాంబపురాణం చెబుతారు. అక్షరం రాని ఇళ్ళకు కూడా చరిత్ర ఉందంటే వీళ్ళ చలవే. కళ్ళాల్లోకి మిషన్లు వచ్చాక వాళ్ళకు పిలుపు తగ్గింది. మనం పోగొట్టుకున్న గ్రంథాలయం అదే అంటాను.

కాగితం యుగం ఊరి చరిత్రలు సేకరించిన కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీతో వచ్చింది. కానీ ఆయన చేతులూ కళ్ళూ ఏలూరు వాళ్ళైన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అన్నదమ్ములు. 1803లో బొర్రయ్య చిన్నవయసులోనే పోతే లక్ష్మయ్య ఆ పని మోశాడు. కరణాల దగ్గరి కవిలెలు, ఊరి పెద్దల మాటలు కలిపి రాయించిన కైఫియ్యతులు ఇవాళ ఊరి చరిత్ర కావాలనే ప్రతివాడికీ ఆధారం. ఆ సేకరణలు లేకపోతే మనకు స్థానిక చరిత్ర సగం ఉండేది కాదు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ పెట్టింది. మాన్యం అనుభవిస్తున్నవాడు దాన్ని మొదట పుచ్చుకున్నవాడికి ఏమవుతాడో చెప్పాలి. ఇళ్ళల్లో తరాలు గుర్తుచేసుకుని రాయించారు. తర్వాత పంపకాల దావాలు. వకీలు వేసిన వంశవృక్షం ఫిర్యాదు కాగితానికి తోడయింది. మా ఫ్లెక్సీలో సగం పేర్లు వచ్చింది అలాంటి ఒక దావా కట్టలోంచే.

ఆశ్చర్యమేమిటంటే, ఆ కాలంలోనే మామూలు ఇళ్ళ ఆడవాళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా ఎక్కిన జాబితాలున్నాయి. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసునుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్ రేవు డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా నేటాల్‌కు కూలి ఒప్పందం మీద వెళ్ళినవాళ్ళు 1,52,184 మంది. వాళ్ళలో తెలుగువాళ్ళున్నారు. ఓడ జాబితాలో ప్రతి మనిషికీ విడి నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చ. ఆడమనిషికీ అంతే. గౌరవంతో రాసింది కాదది, పారిపోతే పట్టుకోవడానికి రాసింది. అయినా, అలాగే కూలీలు వెళ్ళిన మారిషస్‌లోని మోకాలో మహాత్మాగాంధీ సంస్థ దాచిన ఇలాంటి దస్తావేజుల్లోంచే ఇవాళ మనవళ్ళు ముత్తవ్వ పేరు తీస్తున్నారు. ఊళ్ళో పొలం కలిగి ఉండిపోయిన మా ముత్తవ్వకు ఆ భాగ్యం లేదు.

మా ఫ్లెక్సీలో ఆరో తరం నుంచి ఆడపిల్లల పేర్లు కనబడతాయి. ఇది ఉత్త మంచి మనసు వల్ల వచ్చిన మార్పు కాదు. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చిన చట్టంతో ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన హక్కు వచ్చింది. దేశమంతటికీ ఆ మాట 2005లో వచ్చింది. కూతురి పేరు వదిలేసిన వంశవృక్షంతో ఆస్తి పంపకం నిలవదు మరి. ఇప్పుడూ పేరు భూమి వెంటే వచ్చింది.

భోజనాలయ్యాక మా పెదనాన్నగారి అబ్బాయి మార్కర్ పెన్ను తెచ్చి మేనత్త పక్కన కూర్చున్నాడు. నిజానికి తద్దినాల్లో అమ్మ, నాయనమ్మ, తాతమ్మ పేర్లు చెప్పి పిండాలు పెడతాం. ఆ మూడు పేర్లూ మా పురోహితుడి నోట్‌బుక్కులో దొరికాయి. మిగతావి అత్త చెప్పింది. వెంకమ్మ. అచ్చమ్మ. చిన్నప్పుడే పోయిన సుబ్బాయమ్మ. ఒక్కో పేరూ ఆయా మగపేరు పక్కన నల్లసిరాతో పడుతోంది. నాలుగో తరం దగ్గరకొచ్చేసరికి అత్త ఆగింది. "ఆవిడ పేరు ఎవరూ పిలవలేదురా. తుని మామ్మ అనేవాళ్ళం, పుట్టింటివాళ్ళది తుని."

వాడు ఒక్క క్షణం ఆగి, "తుని మామ్మ" అనే రాశాడు.