రంది గోలీ ఖరీదు

మా వరంగల్ వైపు ఆడవాళ్ళ నోట 'డిప్రెషన్' అనే మాట ఈమధ్యనే వినబడుతోంది గానీ ఆ స్థితికి మాకు పాత పేర్లు చాలా ఉన్నాయి. రంది, మనాది, గుబులు. 'బిడ్డ పోయిన కాణ్ణుంచి రంది పెట్టుకున్నది', 'మనాదితోని మంచం పట్టింది' అంటారు. ఈ మాటల్లో ఒక విశేషముంది. రంది ఎప్పుడూ దేని గురించో ఉంటుంది. అప్పు గురించి, బిడ్డ పెళ్ళి గురించి, మొగుడి తాగుడు గురించి, పురుగు తిన్న పత్తి చేను గురించి. డిప్రెషన్ అనే మాట మనిషి లోపలి జబ్బును చెబుతుంది, రంది ఆమె చుట్టూ ఉన్న బతుకును కూడా కలిపి చెబుతుంది. ఈ రెండు మాటల మధ్యకు ఒక గోలీ వచ్చి చేరింది. ఆ గోలీ ఎక్కడి నుంచి వచ్చింది, దాని ధరను ఎవరు నిర్ణయించారు, ఇన్సూరెన్సు అనే మాటే ఎరగని స్త్రీలు ఆ ఖర్చును ఎట్లా నెట్టుకొస్తున్నారు అన్నది ఇక్కడ నా ప్రశ్న.

ఈ ప్రశ్నను స్టేషన్ ఘన్‌పూర్ నుంచి అడగడానికి కారణం ఉంది. సికిందరాబాదు - కాజీపేట రైలు దారిలో ఉన్న ఊరు ఇది. ఒకవైపు ప్రపంచానికి మందులు తయారుచేసి పంపే హైదరాబాదు, మరోవైపు ఎం.జి.ఎం. ఆసుపత్రి, కాకతీయ మెడికల్ కాలేజీ ఉన్న వరంగల్. రెంటికీ నడుమ ఘన్‌పూర్. చాలాకాలం వరంగల్ జిల్లాలో ఉండి 2016లో జనగామ జిల్లాలోకి వెళ్ళింది. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు ఈ నియోజకవర్గం నుంచి గెలిచిన డాక్టరు తాటికొండ రాజయ్య కొత్త రాష్ట్రానికి తొలి ఆరోగ్యమంత్రి అయ్యారు. 2015 జనవరి దాకా ఆ పదవిలో ఉన్నారు. మందుల రాజధాని పక్కనే ఉన్న, వైద్యమంత్రిని ఇచ్చిన ఊళ్ళోనే మనసు మందు దొరకడం కష్టమైతే, ఆ కష్టం దూరం వల్ల వచ్చింది కాదని ఒప్పుకోవాలి.

*

ఈ గోలీల కథ మొదలైంది స్విట్జర్లాండులోని మున్‌స్టర్లింగెన్ అనే చిన్న ఊరి ఆసుపత్రిలో. 1956 జనవరిలో రోలాండ్ కూన్ అనే డాక్టరు ఇమిప్రమీన్ అనే మందును తీవ్రమైన దిగులుతో ఉన్న ఒక స్త్రీకి ఇచ్చాడు. కొద్దిరోజుల్లోనే ఆమె తేరుకుంది. ఆధునిక డిప్రెషన్ మందుల చరిత్ర అక్కడి నుంచే రాస్తారు. ఆ చరిత్రలో కూన్ పేరు నిలిచింది, ఆ స్త్రీ 'రోగి'గా మిగిలింది. ఆ ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి రోగులకు సరిగా చెప్పకుండానే, వాళ్ళ అంగీకారం లేకుండానే కొత్త రసాయనాలు ప్రయోగించారని 2019లో అక్కడి చరిత్రకారులు బయటపెట్టారు. కాబట్టి ఈ మందు పుట్టుకలోనే రెండు విషయాలు కలిసి ఉన్నాయి. అది ఒక స్త్రీకి నిజంగా ఊరటనిచ్చింది. రోగులను అడగకుండా ప్రయోగాలు జరిగే చోట పుట్టింది. స్త్రీవాదులుగా మనం ఏ ఒక్కదాన్నీ వదిలేయలేం.

ఆ తర్వాతి కథ ధరలది, అందులో మన ప్రాంతం పాత్ర పెద్దది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాల్లో మన దేశంలో మందుల ధరలు చాలా ఎక్కువగా ఉండేవి. వలసపాలన నాటి పేటెంటు చట్టమే అప్పటికీ అమల్లో ఉండడం ఒక ముఖ్య కారణం. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1970లో కొత్త పేటెంట్ల చట్టం చేశారు, 1972 నుంచి అది అమలైంది. మందుకు పేటెంటు ఉండదు, తయారుచేసే పద్ధతికే ఉంటుంది అన్నది దాని సారం. అంటే ఒకే మందును వేరే దారిలో తయారుచేసుకుంటే తప్పు లేదు. దీనికి ముందే, 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. అనే ప్రభుత్వ సంస్థ సోవియట్ సహాయంతో హైదరాబాదు బాలానగర్‌లో మందుల ఫ్యాక్టరీ పెట్టింది. అక్కడ పని నేర్చుకున్న రసాయన శాస్త్రజ్ఞులు తర్వాత సొంత కంపెనీలు పెట్టారు. వారిలో ఒకరైన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించారు. ఈరోజు మనం గొప్పగా చెప్పుకునే హైదరాబాదు మందుల పరిశ్రమ కింద ఒక చట్టమూ ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీ ఉన్నాయి. ఆ ఫ్యాక్టరీని 1992లో ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు.

1987 డిసెంబరులో అమెరికాలో ప్రొజాక్‌కు అనుమతి వచ్చింది. అందులోని మందు పేరు ఫ్లూఆక్సెటిన్. ఒక దశలో దానిమీద ఎలి లిల్లీ కంపెనీ ఏటా 200 కోట్ల డాలర్లకు పైగా అమ్మకాలు చేసింది. 2000లో అమెరికా కోర్టు ఆ కంపెనీ పేటెంటు గడువును కుదించింది. 2001 ఆగస్టులో జెనరిక్ మందులు మార్కెట్లోకి వచ్చినప్పుడు 40 మిల్లీగ్రాముల క్యాప్స్యూల్‌ను ఆర్నెల్లపాటు ఒక్కరే అమ్ముకునే హక్కు డాక్టర్ రెడ్డీస్‌కు దక్కింది. ఇన్సూరెన్సు లేని అమెరికా స్త్రీకి గోలీ చవకైతే అందులో హైదరాబాదు చెయ్యి ఉంది. ఈరోజు కూడా మనవాళ్ళు అమెరికా పోతూ సూట్‌కేసులో పచ్చళ్ళతో పాటు నెలలకు సరిపడా గోలీలు సర్దుకుపోవడం చూస్తూనే ఉన్నాం. అందులో రంది గోలీలు కూడా ఉంటాయి, పైకి చెప్పరు.

ఈ చవక వెనక ఇంకో లెక్క ఉంది. పటాన్‌చెరు దగ్గర సుమారు తొంభై మందుల కంపెనీల మురుగునీటిని శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్ళను స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. ఆ నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్‌తో పాటు సిటలోప్రామ్ కూడా పెద్ద మోతాదులో దొరికింది. సిటలోప్రామ్ డిప్రెషన్ మందు. అంటే ఇసుకవాగు, నక్కవాగుల గుండా మంజీరలోకి ఆ మందు ఉచితంగా పారింది. ఆ వాగుల ఒడ్డున పొలాలు పాడైన ఆడవాళ్ళ రందికి ఏ డాక్టరూ చీటీ రాయలేదు.

*

వరంగల్ జిల్లాలో రంది ఎంత ఉందో లోకానికి తెలిసింది 1997-98లో. పత్తిని పురుగు తిన్నది, కొట్టిన పురుగుమందు పనిచేయలేదు, అదే మందు తాగి రైతులు చనిపోయారు. ఆ చావుల గురించి ఎంతో రాశారు. మిగిలిన భార్యల గురించి రాసింది తక్కువ. 2004లో ప్రభుత్వం 421 నంబరు జీవో తెచ్చి చనిపోయిన రైతు కుటుంబానికి లక్ష రూపాయల సాయం, అప్పుల పరిష్కారానికి మరో యాభై వేలు అన్నది. పొలం ఎవరి పేరున ఉంది, అప్పు ఎవరి దగ్గర తెచ్చారు అన్నవే విచారణలో ప్రశ్నలు. రాత్రిళ్ళు నిద్రపట్టని మనిషికి మందు కావాలా, మాట్లాడే మనిషి కావాలా అన్న ప్రశ్నకు ఆ కాగితాల్లో చోటు లేదు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు ఉద్దేశించింది. నెలనెలా మందుల షాపులో కొనుక్కునే గోలీకి అది అక్కరకు రాదు. 2023లో దాని పరిమితి పది లక్షలైంది. పది లక్షల కార్డు చేతిలో ఉన్నా పది గోలీల షీటు మాత్రం సొంత డబ్బుతోనే కొనాలి.

నిజానికి ఈ గోలీలు మన దేశంలో అంత ఖరీదైనవి కావు. ఫ్లూఆక్సెటిన్, ఎసిటలోప్రామ్, అమిట్రిప్టిలిన్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి, 2013 ధరల నియంత్రణ ఉత్తర్వు కింద వాటికి గరిష్ఠ ధర ఉంటుంది. మరి ఖర్చు ఎక్కడ పెరుగుతోంది?

మొదటిది, చీటీలో. ఒంటరి మందుకు ధర పరిమితి ఉంటుంది. అదే మందును క్లోనజెపామ్ లాంటి నిద్రమందుతో కలిపి ఒకే గోలీగా అమ్మితే అది ఆ జాబితాలోకి రాదు. అలాంటి జంట గోలీలు మన దగ్గర విపరీతంగా రాస్తారు. ధర మాట అట్లా ఉంచితే, నిద్రమందు అలవాటుగా మారే ప్రమాదం ఉంది. చీటీలో మందు పేరు కాక కంపెనీ పేరు ఉంటే షాపువాడు దానికి బదులు చవక మందు ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. డాక్టర్లు వీలైనంతవరకు జెనరిక్ పేర్లే రాయాలని మెడికల్ కౌన్సిల్ 2002లోనే చెప్పింది. 2023 ఆగస్టులో దాన్ని తప్పనిసరి చేస్తూ నిబంధనలు తెచ్చి, డాక్టర్ల సంఘాలు అభ్యంతరం చెప్పడంతో అదే నెలలో పక్కన పెట్టారు.

రెండోది, దారిలో. మనసు డాక్టరు కావాలంటే ఘన్‌పూర్ నుంచి హనుమకొండకో హైదరాబాదుకో పోవాలి. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సులో ఆడవాళ్ళకు టికెట్ లేదు, అది చిన్న విషయం కాదు. కానీ పోయిన రోజు కూలి, డాక్టరు ఫీజు, ఇంట్లో చెప్పాల్సిన అబద్ధం అట్లాగే ఉన్నాయి. 'ఎర్రగడ్డకు పోవాల్సిన మనిషి' అనేది మన దగ్గర ఇప్పటికీ తిట్టే. ఆ తిట్టుకు భయపడి ముందు ఆర్.ఎం.పి. దగ్గర నరాల బలహీనతకని సెలైన్లు, బలం సూదులు వేయించుకుంటారు. అసలు గోలీ ధరకు ఎన్నో రెట్లు అక్కడే అయిపోతుంది.

మూడోది, ఇంట్లో. బి.పి. గోలీ మామగారికి, షుగర్ గోలీ మొగుడికి, రంది గోలీ ఆమెకు. నెలాఖరున డబ్బు తక్కువపడితే ముందు ఆగిపోయేది ఏది? పొదుపు గురించి డ్వాక్రా సంఘాలు వచ్చి నేర్పకముందే మన స్త్రీలకు ఒక పొదుపు తెలుసు. తన తిండి, తన చీర, తన మందు తగ్గించుకునే పొదుపు. రోజు విడిచి రోజు వేసుకోవడం, గోలీని సగం విరవడం, కాస్త నిద్రపట్టగానే 'నాకేం బాగానే ఉన్న' అని మానేయడం. ఈ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. బాగయ్యాక కూడా నెలల తరబడి వాడాలి. ఒక్కసారిగా మానేస్తే తలతిరగడం, కలవరం, నిద్రలేమి వస్తాయి, పాత దిగులూ తిరగబడుతుంది. అప్పుడు 'మందుతో ఏం కాలేదు' అనే మాట వస్తుంది. మందు ఓడిపోలేదు, ఇంటి లెక్కలో ఆమె ఓడిపోయింది.

*

ఇక్కడ మనలో మనకే ఒక వాదన ఉంది. 1991లో 'సవాలక్ష సందేహాలు' వచ్చినప్పటి నుంచి తెలుగు స్త్రీవాదం వైద్యాన్ని ప్రశ్నిస్తూనే ఉంది. 1999లో వచ్చిన పుస్తకంలో భార్గవి దావర్ స్త్రీల మానసిక ఆరోగ్యాన్ని వాళ్ళ సామాజిక జీవితంతో కలిపి చూడాలని వాదించారు. 2024లో ఆమె మరణించేదాకా బలవంతపు వైద్యానికి వ్యతిరేకంగా నిలబడ్డారు. తాగుబోతు మొగుడు, తీరని అప్పు, కులం పేరుతో అవమానం తెచ్చిన దుఃఖాన్ని గోలీతో మింగించడం పితృస్వామ్యానికి సేవ చేయడం కాదా అని మిత్రులు అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. రంది అనే మాటలో ఉన్న జ్ఞానాన్ని మందుచీటీ చెరిపేయగలదు.

కానీ ఆ విమర్శ చేసే హక్కు గోలీ అందుబాటులో ఉన్నవాళ్ళకు సులువు. వద్దనుకోవడానికి ముందు అందాలి కదా. మంచం మీంచి లేవలేని మనిషి మొగుణ్ణి ఎదిరించలేదు, సంఘం మీటింగుకు రాలేదు. గోలీ అప్పు తీర్చదు. కొందరికి మాత్రం అప్పు ఇచ్చినవాడి ముందు నిలబడి మాట్లాడే సత్తువ తిరిగి ఇస్తుంది. అందుకే ధర ప్రశ్నను మందుల కంపెనీల విషయంగా వదిలేయకుండా స్త్రీల హక్కుల ప్రశ్నగా అడగాలి.

అడగడానికి ఆధారాలు లేకపోలేదు. 2018లో అమలులోకి వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పద్దెనిమిదో సెక్షన్ ప్రకారం, అత్యవసర జాబితాలోని మానసిక వైద్య మందులు కమ్యూనిటీ హెల్త్ సెంటరు, ఆపై స్థాయి సర్కారు దవాఖానాలన్నింటిలో ఎల్లవేళలా ఉచితంగా ఉండాలి. అదే చట్టం ఇరవై ఒకటో సెక్షన్ మానసిక అనారోగ్యానికి ఇతర జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలంటుంది. 2008లో మొదలైన జన్ ఔషధి షాపులు 2023 నాటికి పదివేలు దాటాయి, కంపెనీ పేరుకు డబ్బు కట్టకుండా అదే మందు అక్కడ కొనుక్కోవచ్చు. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే డబ్బు లేకుండా తెలుగులో మాట్లాడవచ్చు. చీటీ రాసేటప్పుడు 'మందు పేరు రాయండి, జంట గోలీ నాకెందుకు' అని డాక్టరును అడగవచ్చు. ఇవేవీ దానాలు కావు. 1970 చట్టం లాగే ఇవి కూడా ఎవరో పోట్లాడితే వచ్చినవి.

పోట్లాట ఇప్పుడు దవాఖానా కిటికీ దగ్గరికి రావాలి. 'స్టాకు లేదు' అన్న జవాబు విని తిరిగి వచ్చే ఆడమనిషి ఒంటరిది. పొదుపు సంఘంలో ఆమె అప్పు లెక్క రాసే పుస్తకం ఉంది. ఏ నెల ఏ గోలీ లేదన్నారో రాసే పుస్తకం లేదు. ఆ రెండో పుస్తకాన్ని సంఘాల్లో మొదలుపెట్టడం, అందులో రాసింది అధికారుల ముందు పెట్టడం ఎమ్మే చదివి వ్యాసాలు రాసే మనబోటి వాళ్ళం చేయగలిగిన పని. కష్టమైనదేమీ కాదు. ఒక నోటుబుక్కు, ఒక పెన్ను, నెలకొకసారి ఘన్‌పూర్ దాకా ప్రయాణం.