దోమ మాట నమ్మని రోజులు

1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అది చెడుగాలి వలన వచ్చే జ్వరమని లోకం శతాబ్దాలుగా నమ్మినది. ఇటలీ భాషలో ఆ పేరుకు అర్థమే చెడుగాలి. దోమ సిద్ధాంతాన్ని సాటి వైద్యులనేకులు శంకించారు. అయినా ఆ డిసెంబరులోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఆయన వ్యాసాన్ని అచ్చువేసింది. (ప్రభుత్వం మాత్రం సెప్టెంబరులోనే ఆయనను మలేరియా అరుదైన రాజపుతానాకు బదిలీ చేసింది. అదీ ఒక నిషేధం వంటిదే!)

నేటి సామాజిక మాధ్యమాలకు అంతటి ఓపిక లేదు. కరోనా వైరస్ మానవనిర్మితమన్న రాతలను తొలగిస్తామని 2021 ఫిబ్రవరిలో ప్రకటించిన ఫేస్‌బుక్, మే నెలలో ఆ నియమాన్ని తానే ఎత్తివేసింది. ఆ వాదనను నేను సమర్థించడం లేదు. అది తేలని ప్రశ్న. సారా తాగితే కరోనా సోకదన్న మాట అట్టిది కాదు, ప్రాణం తీస్తుంది, దానిని తొలగించవలసినదే. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి, కారణమైనా చెప్పక ఖాతా మూసివేసినప్పుడే మనిషికి కడుపు మండుతుంది.

అట్టివారికి మన చట్టం ఒక దారి చూపినది. ఫిర్యాదు అందినట్లు 24 గంటలలో తెలిపి, 15 రోజులలో పరిష్కరించాలని 2021లో వచ్చినప్పుడు ఐటీ నియమాలు సంస్థలకు గడువు పెట్టాయి. అక్కడ న్యాయం దొరకని వారి కోసం కేంద్రం నియమించిన అప్పీలు కమిటీలు 2023 మార్చి 1న పని ప్రారంభించాయి.