శరత్కాలపు పెరటి పూలు: బంతి, చేమంతి, కోడిజుట్టుల కలయిక

ఆశ్వయుజ, కార్తిక మాసాలలో పెరడు నిండుగా కనబడాలంటే ఒకే జాతి మొక్కలు చాలవు. దసరాకు విరగబూసిన బంతి కార్తికం నడుమకు వడలిపోతుంది. చేమంతి అప్పటికి గాని మొగ్గ విప్పదు. ఈ వెలితిని పూరించడమే మొక్కల కూర్పులోని అసలు పని.

శీతల దేశాలలో ఈ లెక్కను గడ్డమంచు నిర్ణయిస్తుంది. అమెరికా ఉత్తరాది రాష్ట్రాలలో స్థిరపడిన మనవారి తోటలలో బంతి తొలి గడ్డమంచుకే మాడిపోతుంది. చేమంతి తేలికపాటి మంచును ఓర్చుకొంటుంది. మన మైదాన గ్రామాలకు ఆ బెడద లేదు. ఇక్కడ కాలాన్ని నిర్దేశించేది రాత్రి నిడివి. జూన్ నెలలో మనకు పగలు సుమారు 13 గంటలు. సెప్టెంబరు 22, 23 తేదీల తరువాత రాత్రి క్రమంగా పెరిగి, డిసెంబరు మూడవ వారానికి పగలు సుమారు 11 గంటలకు తగ్గుతుంది. రాత్రి పెరిగినకొద్దీ చేమంతి ఆకు వేయడం తగ్గించి మొగ్గ తొడుగుతుంది. పగటి నిడివిని అనుసరించి మొక్కలు పూస్తాయన్న సంగతిని గార్నర్, అల్లార్డ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు 1920లో పొగాకు, సోయా మొక్కల ప్రయోగాల ద్వారా వెల్లడించారు.

చేమంతికి కావలసినది ఎడతెగని చీకటి. రాత్రి నడుమ దీపకాంతి పడుతుంటే దానికి రాత్రి చిన్నదైనట్లే. అందువల్ల వీధిదీపం క్రింద నాటిన చేమంతి ఏపుగా పెరిగి, నిగనిగలాడుతూ ఉండి కూడా, కార్తికం గడిచినా పూయకపోవచ్చు. బలం చాలలేదని ఇంటివారు మరింత ఎరువు వేస్తారు; దానితో ఆకే పెరుగుతుంది. కుండీలోని మొక్కనైతే గోడ చాటుకు జరిపితే చాలును. నేలలోని దానికి దీపం వైపున గోనెపట్టా అడ్డు కట్టవచ్చు. ఆ వెలుగు పడే మూలను ఏడాది పొడవునా పూసే నందివర్ధనానికో, మందారానికో విడవడం ఉత్తమం.

చేమంతి పిలకలను జూన్, జూలైలలో నాటాలి. నెల తరువాత కొన తుంచితే ప్రక్క కొమ్మలు వస్తాయి. సెప్టెంబరు వచ్చాక తుంచడం తగదు. బంతి విత్తనాన్ని రెండు దఫాలుగా చల్లడం మేలు: జూలై చివర చల్లినది దసరాకు, ఆగస్టు చివర చల్లినది దీపావళి నాటికి, ఆ పైనా అందివస్తుంది. అప్పటికీ మిగిలిన వెలితికి కోడిజుట్టే గతి. దాని పూగుత్తి వారాల తరబడి రంగు చెడదు.

శరత్కాలంలో సూర్యుడు దక్షిణానికి వాలుతాడు గనుక పొడవైన బంతిని మడికి ఉత్తరపు అంచున, పొట్టి చేమంతిని దక్షిణపు వైపున ఉంచాలి. నారింజ బంతి, పసుపు చేమంతి ప్రక్కప్రక్కన ఉంటే రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నడుమ ముదురెరుపు కోడిజుట్టు ఉంటే రెండూ తేలి కనబడతాయి. ఊదారంగు డిసెంబరాలు చివరగా పూసినా, పసుపు చేమంతికి వాటిని మించిన జోడు లేదని నా అభిప్రాయం.

సంతలో నారు కొనేటప్పుడు పేర్లు తికమక పెడతాయి. బంతిని కన్నడంలో చెండు హూవు, మరాఠీలో ఝెండు, ఒడియాలో గెండు అంటారు. తమిళంలో దానికి చెండుమల్లి, తులుక్క సామంతి అని రెండు పేర్లు. కావున హోసూరు సంతలో ఉత్త 'సామంతి' అని అడిగి ఊరుకోక, ఆకును చూసి తీసుకోవాలి: బంతి ఆకు ఈకవలె చీలి, నలిపితే ఘాటు వాసన వేస్తుంది. కోడిజుట్టుకు ఆ ఇబ్బంది లేదు. కన్నడిగులకు అది కోళిజుట్టు, తమిళులకు కోళికొండై. అందరికీ అందులో కోడే కనబడింది.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో అక్టోబరు, నవంబరు వానలకు వేరు కుళ్లకుండా ఎత్తు మడులు కట్టాలి. యానాంలో తుపాను గాలులకు బంతికి ఊతకర్ర తప్పనిసరి. రాయగడ, కొరాపుట్ కొండలలో మంచు దట్టంగా కురుస్తుంది గనుక ఆకు మీద నీరు చల్లక, ఉదయం పూట మొదట్లోనే పోయాలి. సిరొంచ వైపు అక్టోబరులో వానలు వెనుదిరిగాక తడి తగ్గనీయరాదు; పొడి వాతావరణంలో బంతికి ఎర్రనల్లి పడుతుంది.

పూత ముగిశాక చేమంతిని నేలకు జానెడు ఎత్తున కోసి, వేసవిలో నీడపట్టున తడి ఆరకుండా కాపాడితే మొదలు చుట్టూ పిలకలు వస్తాయి. తిరిగి జూన్‌లో వాటినే విడదీసి నాటుకోవచ్చు. నాటు బంతి గింజను ఎండబెట్టి దాచవచ్చును గాని, హైబ్రిడ్ బంతి గింజ మరుసటి ఏడు అదే పువ్వునివ్వదు; దానిని కొత్తగా కొనవలసినదే.