పంతులమ్మకు పాఠం చెప్పిందెవరు?

ప్రత్యేక సంచికకు మీ శాఖ చరిత్ర ఏదైనా రాసివ్వండని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, స్త్రీ శిశు సంక్షేమ శాఖలో రాయదగ్గ చరిత్ర ఏముందా అని రెండు రోజులు ఆలోచించాను. రెవెన్యూవారికి జమాబందీలున్నాయి, ఇరిగేషన్‌వారికి కాటన్ దొరగారున్నారు. మాకున్నవి చింతపిక్కలు, కొబ్బరాకు బూరలు, హాజరు రిజిస్టర్లు. అయితే మూడేళ్ళ పిల్లకు ఆటా పాటా నేర్పే మనిషికి ముందుగా ఎవరు నేర్పారు అన్న ప్రశ్నకు మాత్రం ఒక చరిత్ర ఉంది. అందులో నేను చేసిన పొరపాటు కూడా ఒకటి ఉంది గనుక రెండూ కలిపి మనవి చేస్తాను.

పసిపిల్లలకు చెప్పడం కూడా నేర్చుకోవలసిన విద్యేనని లోకానికి గట్టిగా చెప్పినవారిలో ఇటలీ దేశపు డాక్టరు మరియా మాంటిసోరి ముఖ్యులు. 1907లో రోము నగరంలోని పేదల వాడలో ఆమె మొదటి శిశుగృహం తెరిచారు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. అంతకు ముందే గుజరాతులో గిజుభాయి బధేకా 1920లో భావనగరులో బాలమందిరం పెట్టారు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో బొంబాయి రాష్ట్రంలోని బోర్డీ గ్రామానికి వెళ్ళారు. అక్కడి పేద పిల్లలు తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ ఎత్తుకుని తిరిగేవారు, బడికి రాలేకపోయేవారు. పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ళ ముంగిటికి వెళ్ళాలని తారాబాయిగారు, ఆమె శిష్యురాలు అనుతాయి వాఘ్ అనుకున్నారు. ఖరీదైన విదేశీ సామగ్రికి బదులు గింజలూ ఆకులూ గవ్వలతోనే పాఠాలు నడిపారు. అంగన్‌వాడీ అన్న మాటకు మూలం ఆ ముంగిలే.

మన గోదావరి సీమకు కూడా ఈ చరిత్రలో వాటా ఉంది. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయమ్మగారు చిన్నతనంలోనే బాలికలకు హిందీ పాఠశాల నడిపారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళాసభ స్థాపించారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ మండలి చలవ వల్ల పల్లెల్లో బాల్వాడీలు వచ్చాయి. అందులో పనిచేసేవారికి 1961-62 నుంచి బాలసేవిక శిక్షణ మొదలైంది. అది పదకొండు నెలల చదువు.

1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం ప్రారంభమైంది. అంగన్‌వాడీ కార్యకర్తకు ఇచ్చింది జీతం కాదు, గౌరవ వేతనం. మెట్రిక్ చదివినవారికి నెలకు 150 రూపాయలు, చదవనివారికి 100. ఉద్యోగ శిక్షణ తొలినాళ్ళలో మూడు నాలుగు నెలలు ఉండేది, తరువాత నెలకు అటూయిటూగా తగ్గింది. శిక్షణ అయ్యాక చేయిపట్టి నడిపించే బాధ్యత ముఖ్యసేవికది, అంటే సూపర్‌వైజరుది. పల్లెల్లో సుమారు ఇరవై కేంద్రాలకు ఒకరు.

ఆ ఇరవైమందికి ఒకరుగా నేను కోనసీమలో చేరినప్పుడు నా వయసు ముప్పై లోపు. లంక గ్రామాలకు రేవు దాటి, గట్టు వెంబడి నడిచి వెళ్ళేదాన్ని. రాజోలు వైపు ఒక ఊళ్ళో కార్యకర్త చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న మనిషి. నేను చెప్పాపెట్టకుండా వెళ్ళిన రోజున గోడమీద చార్టు లేదు, ఆట పాటల టైంటేబిలు లేదు. పిల్లలంతా చెట్టుకింద కూర్చుని చింతపిక్కలు లెక్కపెడుతున్నారు. ఆమె కొబ్బరాకుతో బూర అల్లుతోంది. నేను పై కార్యాలయానికి రిపోర్టు రాశాను. ఒక నెల గౌరవ వేతనం ఆగిపోయింది. ఆమె ఎదురు మాట్లాడలేదు. “ఆయ్, అలాగేనండి” అంది, అంతే.

మరుసటి నెల వెళితే గోడ నిండా చార్టులు. పిల్లలు చేతులు కట్టుకుని వరసగా కూర్చున్నారు. నాకు ఎంతో తృప్తి కలిగింది. ఆ సంగతి కొత్తపేట బంధువుల ఇంట్లో గొప్పగా చెప్పుకుంటుంటే, అక్కడికి వచ్చిన ఒక పెద్దావిడ విన్నారు. ఆవిడ పాతకాలపు బాలసేవిక, పదకొండు నెలల శిక్షణ పొందినవారు. అంతా విని నెమ్మదిగా, “ఏమండీ అమ్మాయిగారూ, మీరు వచ్చినప్పుడు ఎలా ఉండాలో ఆవిడకు బాగా నేర్పారు. మీరు లేనప్పుడు ఎలా ఉండాలో ఆవిడకు ముందే వచ్చు కదా!” అన్నారు. నాకు తల తిరిగినట్టయింది.

ఆ తరువాత ఒక నియమం పెట్టుకున్నాను. నెలకొక పూట ప్రతి కేంద్రంలోనూ రిజిస్టరు ముట్టకుండా పిల్లల మధ్య కూర్చోవాలి. ఒక కార్యకర్తకు బాగా వచ్చిన విద్యను నెలవారీ మీటింగులో ఆమె చేతనే మిగతావారికి చెప్పించాలి. మొదటిసారి కొబ్బరాకు బూర అల్లడం నేర్పింది ఆ రాజోలు అమ్మాయే. అందరి ఎదుటా ఆమెకు క్షమాపణ చెప్పుకున్నాను. కానీ ఆగిన ఆ నెల డబ్బు మాత్రం తిరిగి ఇప్పించలేకపోయాను. ఆ బాకీ నా మనసులో ఇప్పటికీ ఉంది.

1996 నవంబరు 6 తుపాను మన తరం మరిచిపోయేది కాదు. తోటలు నేలకొరిగాక చాలా రోజుల వరకు గాలి కాస్త గట్టిగా వీస్తే పిల్లలు ఏడ్చేవారు. ఏం చేయాలో మా శిక్షణ పుస్తకాల్లో లేదు. ఆ కార్యకర్త రాలిపడిన ఆకులు పోగుచేసి, పిల్లల చేత గాలి ఆట ఆడించింది. వాళ్ళే ఊదారు, వాళ్ళే పడిపోయారు, వాళ్ళే లేచారు. పది రోజుల్లో ఏడుపు తగ్గింది. ఆనాడు మేమంతా ఆమె దగ్గర నేర్చుకున్నాం.

ఇప్పుడు దేశంలో దాదాపు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. 2020 జాతీయ విద్యావిధానం ఇంటర్ చదివిన కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకు తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా చెప్పింది. నెలకు కనీసం ఒక్కసారైనా ముఖాముఖి తరగతి ఉండాలంది. 2023 మే 10న “పోషణ్ భీ పఢాయీ భీ” పేరుతో ఆరంభమైన కార్యక్రమంలో కార్యకర్తలకు మూడు రోజుల శిక్షణ పెట్టారు. సంతోషమే. కానీ మూడు రోజులు దారి చూపగలవు, తోడు రాలేవు. పదకొండు నెలల చదువు చదివిన ఆ పెద్దావిడ ఒక్క మాటతో నన్ను సరిదిద్దగలిగారంటే, ఆ నేర్పు వెనుక ఎంత కాలముందో చూడండి.

ఇంకొక్క మాట. మనకు ఒకటో తారీఖున పెన్షను వస్తుంది. అంగన్‌వాడీ కార్యకర్తలు గ్రాట్యుటీకి అర్హులని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 25న తీర్పు చెప్పడానికి పథకం పుట్టాక 46 ఏళ్ళు దాటింది.

కాబట్టి పెన్షనరు మిత్రులకు నా మనవి. మనలో ఉపాధ్యాయులున్నారు, నర్సులున్నారు, మనుమలను పెంచిన బామ్మలు, తాతలున్నారు. మీ వీధి అంగన్‌వాడీ టీచరమ్మను అడిగి, ఆవిడకు వీలైన రోజున నెలకొక గంట వెళ్ళి కూర్చోండి. తనిఖీకి కాదు, తోడుగా. వెళ్ళేటప్పుడు నాలుగు చింతపిక్కలు పట్టుకెళ్ళండి.